చీర కట్టి చూపించే మనిషి

మా షాపులో ఒక పద్ధతి ఉండేది. శ్రావణమాసం గిరాకీ తగ్గాక వచ్చే మొదటి ఆదివారం మా నాన్న గుమాస్తాలందరినీ మార్నింగ్ షోకి తీసుకెళ్ళేవాడు. ఏ సినిమా అని అడగకూడదు, ఏది బాగా ఆడుతుంటే అదే. టిక్కెట్లు ఆయనవే, ఇంటర్వెల్‌లో సమోసాలు ఆయనవే, బయటికొచ్చాక హోటల్లో భోజనాలూ ఆయనవే. బెజవాడ వన్ టౌన్‌లో చీరల వ్యాపారం చేసే మనిషికి అంతకు మించిన దర్జా తెలియదు. ఇరవై ఏళ్ళు దాటిపోయింది ఈ మాటకి. ఆ ఏడాది పదకొండు మందిమి గాంధీనగర్‌లో ఒక హాలుకి వెళ్ళాం. నాకప్పుడు ఇరవై ఆరు. నా పక్క సీట్లో అతను కూర్చున్నాడు.

అతను మా షాపులో చీరలు కట్టి చూపించే గుమాస్తా. ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్ళం గానీ, రాసేటప్పుడు మాత్రం అతను అనే రాస్తున్నాను. వాడూ వీడూ అన్నవాళ్ళు చాలామంది అయ్యారు, నేను కూడా ఎందుకు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చీరల కొట్లలో పరుపుల మీద కూర్చుని చీరలు విప్పేది మగవాళ్ళే. మడతలో ఉన్న చీర ఒంటి మీద ఎలా ఉంటుందో తెలియాలంటే ఎవరో ఒకరు వేసుకుని చూపించాలి కదా. గుమాస్తానే లేచి నిలబడి, ప్యాంటూ చొక్కా మీదే నడుం దగ్గర కుచ్చిళ్ళు పట్టుకుని, పమిట భుజాన వేసి చూపిస్తాడు. మీసాలున్నవాళ్ళు, బట్టతలవాళ్ళు, ముగ్గురు పిల్లల తండ్రులు, అందరూ చేసే పనే ఇది. ఎవరూ నవ్వరు. కొనేవాళ్ళ చూపు చీర మీదే ఉంటుంది, మనిషి కనపడడు.

అతను లేస్తే మాత్రం మనిషి కూడా కనపడేవాడు. పెడన దగ్గర నేతపని చేసుకునే ఇంటి నుంచి వచ్చాడు, చీరంటే మగ్గం మీద నుంచి తెలిసినవాడు. ముందు ఒక ప్రశ్న అడిగేవాడు, "అమ్మాయి ఎత్తెంతుంటుందండీ?" అని. పొట్టి పిల్ల అంటే మోకాళ్ళు కొంచెం వంచి నిలబడేవాడు, అంచు ఎక్కడికొస్తుందో సరిగ్గా తెలియాలని. పొడుగు పిల్ల అంటే మడమలు ఎత్తేవాడు. పెద్దావిడకైతే భుజాలు కాస్త జార్చి, కొంగు చుట్టూ తిప్పి ముందుకు తెచ్చుకునేవాడు. కూతురి పెళ్ళికని వచ్చిన తల్లులు అతన్ని చూస్తూ చూస్తూ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చీర తీసేసి మడత పెట్టేటప్పటికి మళ్ళీ మామూలు గుమాస్తా అయిపోయేవాడు.

రోజు మొత్తంలో అతను భయం లేకుండా ఉండేది ఆ రెండు మూడు నిమిషాలే. అది అతనే నాతో చెప్పాడు. ఊళ్ళో నడక చూసి నవ్వేవాళ్ళు, కలిసి ఉండే గదిలో తోటి గుమాస్తాలు మాట చూసి నవ్వేవాళ్ళు. చీర వేసుకుని పరుపు మీద నిలబడితే మాత్రం అది పని, గౌరవం ఉన్న పని. "ఇక్కడ నన్నెవ్వరూ ఏమీ అనరురా" అన్నాడు. ఆ చోటుని అతని దగ్గర్నుంచి లాక్కున్నది నేను. ఎలా లాక్కున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను, చివరిదాకా దాచి నాటకాలాడే వయసు కాదు. అతను ఎలాంటివాడో నేనూ అలాంటివాణ్ణే. నాకు అతనంటే ఇష్టం. ఏ ఇష్టమో ఆ రోజుల్లో మేమిద్దరం పేరు పెట్టుకోలేదు. సాయంత్రాలు స్కూటర్ మీద బ్యారేజీ దాకా వెళ్ళి, పిడత కింద పప్పు కొనుక్కుని, ఒకే పొట్లంలోంచి తినేవాళ్ళం. షాపులో నన్ను "చిన్న షావుకారు గారూ" అనేవాడు. బ్యారేజీ దగ్గర పేరు పెట్టి పిలిచేవాడు. అంతే మా సంసారం.

మాలాంటివాళ్ళు ఎలా ఉంటారో నాకు మొదట చెప్పింది మా అమ్మానాన్నలు కాదు, బడి కాదు, సినిమా. నేనేమిటో నాకు తెలియకముందే సినిమావాళ్ళు ఒక మనిషిని తయారుచేసి పెట్టేశారు. గులాబీరంగు చొక్కా, చేతిలో రుమాలు, నడుం తిప్పుతూ నడక, వెనకాల టింగుటింగుమని ఒక వాయిద్యం. వాడు రాగానే హాలు నవ్వడానికి సిద్ధమయ్యేది. పదమూడేళ్ళప్పుడు అద్దం ముందు నిలబడి నా నడకలో అది ఉందా లేదా అని చూసుకున్నాను. చేతులు ఊపకుండా నడవడం నేర్చుకున్నాను. గొంతు కిందికి దించి మాట్లాడటం నేర్చుకున్నాను. ఇప్పటికీ నా నడక కర్ర మింగినట్టు ఉంటుందని మా ఆవిడ అంటుంది. అతను అదేదీ నేర్చుకోలేదు. నేర్చుకోవాలని అతనికి తోచలేదో, చేతకాలేదో తెలియదు.

సరే, ఆ ఆదివారం సినిమా. హీరో, హీరోయిన్ చీరల షాపుకి వస్తారు. అక్కడొక గుమాస్తా. అవే గులాబీరంగు చొక్కా, రుమాలు, వాయిద్యం. చీర వేసుకుని చూపిస్తూ హీరోయిన్‌ని వదిలేసి హీరో వైపు తిరిగి, "బావా, కుచ్చిళ్ళు సర్దవా?" అంటాడు. హీరో చెంప మీద ఒక్కటి ఇస్తాడు. వాడు వెళ్ళి చీరల గుట్టలో పడతాడు. పడి కూడా మళ్ళీ అదే మాట అంటాడు. హాలు ఊగిపోయింది. కాగితాలు ఎగిరాయి. మా వరసలో ఉన్న గుమాస్తాలు ఒక్కొక్కరూ ముందుకు వంగి అతని వైపు చూశారు. ఎక్కడైనా పోలిక కనపడితే జనానికి ఎంత సంబరమో.

అతను నవ్వాడు. నవ్వకపోతే ఇంకా చూస్తారని నవ్వాడు. నేను అతనికంటే గట్టిగా నవ్వాను. తొడ మీద కొట్టుకుని మరీ నవ్వాను, మా నాన్న కూడా తిరిగి చూసేంతగా. ఆ నవ్వు నాకిప్పటికీ చెవుల్లో ఉంది, పాడు నవ్వు.

సినిమా అయ్యాక అందరూ హోటల్‌కి వెళ్ళారు. మేమిద్దరం ఆకలి లేదని చెప్పి ఏలూరు కాలవ గట్టు వెంట నడిచాం.

"వాడికి పేరు పెట్టలేదు, చూశావా?" అన్నాడు చివరికి.

"ఎవడికి?"

"ఆ గుమాస్తాకి. హీరోకి ఉంది, హీరో ఫ్రెండ్‌కి ఉంది, ఆఖరికి కుక్కకి కూడా పేరుంది. వాడికి లేదు."

"కామెడీ ట్రాక్‌రా అది. పేరెందుకు?"

"షాపు కట్టేశాక ఎక్కడికి పోతాడంటావు వాడు? వాళ్ళమ్మ ఉంటుందా? అన్నం ఎవరు పెడతారు? రేపు మళ్ళీ అదే షాపుకి ఏ మొహం పెట్టుకుని వస్తాడు?"

నేను ఏదో అని ఉండాల్సింది. "నీకు మరీ ఎక్కువైందిరా, రెండు నిమిషాల సీన్‌కి ఇన్ని ప్రశ్నలా" అన్నాను. అతను తలాడించాడు. తిరిగొచ్చేటప్పుడు సినిమాలో పాట గురించి మాట్లాడాడు, నన్ను ఇబ్బంది పెట్టకూడదని.

ఆ సినిమా వంద రోజులు ఆడింది. వాళ్ళకేం, ఆడించుకుని పోయారు. మా వీధిలో మాత్రం ఆ మాట దిగబడిపోయింది. బేళ్ళు మోసే ముఠావాళ్ళు అతన్ని చూడగానే "బావా" అనేవాళ్ళు. ఎదురు షాపు గుమాస్తాలు రుమాలు ఊపేవాళ్ళు. టీవీలో కామెడీ బిట్ల కింద రోజూ వేసేవాళ్ళు దాన్ని, దాంతో పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళకి కూడా తెలిసిపోయింది. అతను లేచి పమిట భుజాన వేసుకోగానే పిల్లలు కిసుక్కుమనేవాళ్ళు. ఇన్నాళ్ళూ చీరను చూసినవాళ్ళు ఇప్పుడు మనిషిని చూడటం మొదలుపెట్టారు. అతను మోకాళ్ళు వంచడం మానేశాడు. ఏ పిల్లకైనా ఒకేలా, కొయ్యలా నిలబడి చూపించేవాడు. అమ్మకాలు తగ్గలేదు గానీ అతను తగ్గిపోయాడు.

ఇదంతా నేను చూస్తూనే ఉన్నాను, పట్టించుకోలేదు. పట్టించుకున్నది ఎప్పుడంటే, గుడివాడ నుంచి వచ్చే ఒక చిల్లర వర్తకుడు గల్లాపెట్టె మీదికి వంగి, నవ్వుతూ, "ఏంటి చిన్న షావుకారూ, ఆ బావ మీరేనా?" అన్నప్పుడు. ఊరికే అన్నాడు. ఆ వర్తకుడికి ఏమీ తెలియదు. కానీ బ్యారేజీ దగ్గర మమ్మల్ని ఎవరైనా చూశారా, స్కూటర్ మీద ఎవరైనా చూశారా అని ఆ రోజంతా లెక్కేసుకున్నాను. ఆ సాయంత్రం స్కూటర్ తీయలేదు. మర్నాడూ తీయలేదు.

వారం తిరక్కుండా మా నాన్న దగ్గర కూర్చుని చెప్పాను, పెద్ద పెద్ద షోరూముల్లో మగవాళ్ళతో చీరలు కట్టించడం మానేస్తున్నారని, బొమ్మలు వాడుతున్నారని, మనమూ మారాలని. మా నాన్నకి షోరూము అన్న మాట ఒక్కటి చాలు. మద్రాసు నుంచి నాలుగు బొమ్మలు దిగాయి. తెల్లటి ఒళ్ళు, సన్నటి నడుం, కళ్ళు పైకి చూస్తుంటాయి. కృష్ణా జిల్లాలో అలాంటి ఆడమనిషి ఒక్కతీ లేదు. గుమాస్తాలంతా ఇక చీర విప్పి పరవడం వరకే, వేసుకోవడం లేదు. అతన్ని పై అంతస్తు గోడౌన్‌లో బేళ్ళు విప్పే పనికి వేశాను.

మొదటి రోజు భోజనాల టైముకి కిందికి దిగొచ్చాడు. షాపులో ఎవరూ లేరు. అయినా పేరు పెట్టి పిలవలేదు.

"నేనేం తప్పు చేశానండీ?"

"తప్పేముంది. అందరూ ఏడిపిస్తున్నారు కదా. నీ మంచికే."

"నా మంచికా, మీ మంచికా?"

నేను బొమ్మకి కట్టిన చీర సర్దుతూ నిలబడ్డాను. అతను నా చేతిలోంచి కొంగు తీసుకుని, "ఇది కుడి భుజం కాదండీ, ఎడమ" అని సరిచేసి పైకి వెళ్ళిపోయాడు. అతన్ని కాపాడుతున్నానని నాకు నేను ఎంత గట్టిగా చెప్పుకున్నానంటే, కొన్ని రోజులు నమ్మాను కూడా.

ఆ మాఘమాసంలో కైకలూరు వైపు నుంచి ఒక చేపల వ్యాపారం చేసే ఆవిడ వచ్చింది. కొల్లేటి చేపలు లారీలకెక్కించే ఇల్లు వాళ్ళది. ఇద్దరు పెద్ద కూతుళ్ళ పెళ్ళిళ్ళకీ అతని చేతనే చీరలు కట్టించి కొన్నది. ఇప్పుడు మూడో పిల్లకి. పరుపు మీద కూర్చోగానే అటూ ఇటూ చూసింది.

"ఆ అబ్బాయేడీ?"

"పైన పనిలో ఉన్నాడమ్మా. బొమ్మకి వేసి చూపిస్తాం, బాగుంటుంది" అన్నాను.

"బొమ్మకేం తెలుద్ది బాబూ? మా పిల్ల దీని నడుం దగ్గరికి కూడా రాదు. చామనఛాయ. ఇదేమో సున్నం కొట్టినట్టుంది. దీనికి బాగుంటే నాకెందుకు? అబ్బాయిని పిలువు."

"ఇప్పుడు మనుషులు కట్టి చూపించడం లేదమ్మా."

"అయితే కొనడం కూడా లేదు" అని లేవబోయింది.

మా నాన్న పైకి కేకేశాడు. అతను దిగొచ్చాడు, చొక్కా నిండా గోనెపీచు. ఆవిడ్ని చూసి అతని మొహం విప్పారింది. చాలా రోజుల తర్వాత చూశాను ఆ మొహాన్ని. "చిన్నమ్మాయికాండీ? ఎత్తెంతుంటుంది?" అన్నాడు. ఆవిడ చెయ్యి పెట్టి చూపించింది. ముదురు ఆకుపచ్చకి మెరూన్ అంచు ఉన్న పట్టుచీర తీసి, మోకాళ్ళు వంచి, కుచ్చిళ్ళు పోసి, పమిట వేసి, పీటల మీద కూర్చునే పిల్ల తల ఎలా దించుతుందో అలా దించాడు. ఆవిడ చూస్తోంది. నేనూ చూస్తున్నాను. ఆ క్షణంలో నాకు అతని మీద ఎంత ప్రేమ కలిగిందంటే, గల్లాపెట్టె తెరిచిపెట్టి మర్చిపోయాను.

పక్క పరుపు మీద ఇంకో పెళ్ళివాళ్ళున్నారు. వాళ్ళతో వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఎప్పట్నుంచో బోర్ కొట్టి కూర్చున్నారు. అందులో ఒకడు రుమాలు తీసి, గొంతు సన్నం చేసి, "బావా, కుచ్చిళ్ళు సర్దవా?" అన్నాడు. రెండోవాడు ఈల వేశాడు. షాపంతా నవ్వింది. పెళ్ళివాళ్ళు నవ్వారు, గుమాస్తాలు నవ్వారు. చేపలావిడ ఒక్కతే, "ఏంటా ఇకఇకలు?" అని అటు తిరిగి గదిమింది.

అతను తల ఎత్తి గల్లాపెట్టె వైపు చూశాడు. నేను ఒక్క మాటంటే చాలు. షావుకారు కొడుకుని, నా షాపు, నా గుమాస్తా. నోరు మూసుకుని కూర్చోండి అంటే ఆ కుర్రాళ్ళు మూసుకునేవాళ్ళు. అప్పటికి షాపులో అరడజను మంది నా వైపు చూస్తున్నారు, నేనేమంటానోనని. గుడివాడ వర్తకుడి మాట చెవిలో మోగింది. నేను నవ్వాను. సినిమా హాల్లో నవ్వినట్టే, గట్టిగా.

అతను ఏమీ తొందరపడలేదు. పమిట దించి, కుచ్చిళ్ళు వదిలి, చీరని మడత మీద మడత పెట్టి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "అమ్మాయికి చాలా బాగుంటుందండీ. తీసుకోండి" అన్నాడు. తర్వాత చొక్కా మీద గోనెపీచు దులుపుకుని మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయాడు. టీకి వెళ్ళాడనుకున్నారు అందరూ. మా నాన్న సాయంత్రం, "ఏమైంది వాడికి?" అని అడిగాడు. ఏమో నాన్నా అన్నాను.

పదిహేను రోజులు ఆగి బందరు పాసింజర్ ఎక్కి పెడన వెళ్ళాను. వాళ్ళమ్మ మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. నన్ను చూసి లేచి, మంచినీళ్ళిచ్చి, అరుగు మీద చాప వేసింది. కొడుకు తిరుప్పూరు వెళ్ళాడని, అక్కడేదో బనియన్ల కంపెనీలో చేరాడని చెప్పింది. అడ్రసు అడిగితే, ఇవ్వొద్దన్నాడయ్యా అంది. ఎందుకో ఆమెకి తెలిసినట్టు లేదు.

"ఇక్కడ వీధిలో వాణ్ణి అందరూ ఏదో ఒకటి అనేవాళ్ళు. బెజవాడలో నీ దగ్గరున్నాడు కదా అని ధైర్యంగా ఉండేదాన్నయ్యా" అంది.

నీళ్ళ గ్లాసు సగంలోనే అరుగు మీద పెట్టేశాను. రైలుకి టైమైందని అబద్ధం చెప్పి లేచాను. ఆమె ఇప్పుడు లేదు. అతని సంగతి ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు, చెప్పగలిగేవాళ్ళు కూడా లేరు.

మరుసటి ఏడాది నాకు పెళ్ళి చేశారు. మా ఆవిడ మంచి మనిషి. ఆమెకి నేను చేసిన అన్యాయం వేరే ఉంది, దాన్ని ఇందులో ఇరికించి చిన్నది చేయను. ఒక కూతురు. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. నాన్న పోయాక షాపు నాదే.

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నా కూతురు టీవీలో ఏదో సిరీస్ పెట్టింది. తెలుగులోనే. అందులో ఇద్దరు మగవాళ్ళు ఒక ఇంట్లో కలిసి ఉంటారు. ఒకడు బ్యాంకులో పనిచేస్తాడు, ఇంకొకడు లెక్చరర్. ఆ వాయిద్యం వస్తుందేమోనని వీపు బిగబట్టి కూర్చున్నాను. రాలేదు. టమాటా పప్పులో ఉప్పు ఎక్కువైందని పోట్లాడుకున్నారు. గ్యాస్ బుక్ చేయడం నువ్వు మర్చిపోయావంటే నువ్వు మర్చిపోయావని అలిగారు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. ఇద్దరికీ పేర్లున్నాయి. మా ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "పాపం, వాళ్ళకీ అవే తిప్పలు" అంది, మామూలుగా. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. సంతోషం కాదు. ఇంత చిన్న సంగతి చూపించడానికి ఇన్నేళ్ళా అని, ఇది అప్పుడు వచ్చి ఉంటే గాంధీనగర్ హాల్లో మేమిద్దరం ఎలా కూర్చునేవాళ్ళమో అని. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుస్తూ కూర్చున్నాను.

నా కూతురు టీవీ ఆపి నా వైపు తిరిగింది. ఇలాంటి విషయాలు ఇంట్లో మాట్లాడాలని ఈ మధ్య దానికి పట్టుదల.

"నాన్నా, మీ రోజుల్లో నీకు ఇలాంటివాళ్ళు ఎవరైనా తెలుసా?"

చిక్కుడుకాయల చప్పుడు ఆగింది. మా ఆవిడ తల ఎత్తలేదు, చేతులు మాత్రం ఆగాయి.

ఇంత మంచి అదను దేవుడు ఎవరికీ ఇవ్వడు. నా బిడ్డ, అడుగుతోంది, వినడానికి సిద్ధంగా ఉంది. నవ్వేవాళ్ళెవరూ లేరు ఆ గదిలో.

"ఒకతనుండేవాడమ్మా, మన షాపులో" అన్నాను. "తాతయ్య ఉన్నప్పుడు. చీరలు చాలా బాగా కట్టి చూపించేవాడు. అందరూ బాగా ఏడిపించేవాళ్ళు."

"అయ్యో. మరి అతనికి తోడుగా ఎవరూ లేరా? అలాంటివాడు అతనొక్కడేనా?"

నా భార్య చేతుల వైపు చూశాను.

"ఒక్కడే" అన్నాను.